మొన లేని గాలం

పూజ్యులైన తొకుజి బావగారికి, ఉత్సునోమియా నుంచి మీ చెల్లెలి భర్త షిజుయా నమస్కరించి రాయునది.

చలి బాగా ముదిరింది. కొండ మీద మీ ఊళ్ళో మంచు మోకాలిలోతు ఉండి ఉంటుంది. నూడుల్స్ కొట్టు మూసేశాక మీ నడుంనొప్పి తగ్గిందని మీ చెల్లెలు చెప్పింది. చాలా సంతోషం. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అంటే, మిసావో క్షేమం. నా సంగతి విన్నవించుకోవడానికే ఈ ఉత్తరం.

మా చేపల మేత కంపెనీ డైరెక్టరు కురహాషి గారు ప్రతి మార్చిలోనూ, బదిలీల జాబితా గోడకెక్కే ముందు, ఒక సెక్షన్ హెడ్‌ని వెంటబెట్టుకుని ట్రౌట్ చేపల చెరువుకి వెళ్ళి గాలం వేస్తారు. ఈ ఏడు నన్ను పిలిచారు. పిలవడం గొప్ప గౌరవం. ఆ గౌరవం జరిగిన రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు.

పోయినేడు తమియా గారిని తీసుకెళ్ళారు. ఆ రోజు తమియా గారికి చేపలు తెగ పడ్డాయి. ఏప్రిల్లో ఆయన అబషిరి శాఖకి వెళ్ళారు. అంతకు ముందేడు ఇయిదాకా గారికి డైరెక్టరు గారి కన్నా పెద్ద చేప పడింది. ఏప్రిల్లో ఆయనా అబషిరి వెళ్ళారు. ఈ వాక్యాలు పక్కపక్కన రాశానంతే. పెద్దల గురించి వేరే అర్థం వచ్చేలా రాసే అలవాటు నాకు లేదని మీకు తెలుసు.

అబషిరి అంటే సముద్రం కూడా గడ్డకట్టే చోటు. అక్కడ మాకో పిల్లచేపల పెంపకం ఉంది. వెళ్ళినవాడు మూడేళ్ళుండాలి. భార్యని ఇంట్లో వదిలి మగవాడొక్కడే వెళ్ళడం మా ఆఫీసు ఆనవాయితీ. నేను చలికి అంతగా అలవాటు పడినవాణ్ణి కాను.

అందుచేత ఆ రోజు చేపలు మరీ ఎక్కువగా పడితే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. చేతకానట్టు నటిద్దామంటే డైరెక్టరు గారు పక్కనే నిలబడి చూస్తుంటారు, ఇట్టే పసిగడతారు. చెయ్యి నిజాయితీగా విసరాలి, మిగతాది కొక్కెం చూసుకోవాలి. తగిలిన చేప జారకుండా ఆపే ఎదురుముల్లు లేని ఒంటి కొక్కెం తప్ప ఆ చెరువులో వాడనివ్వరు. క్రాంకులని మీరు ముచ్చటపడే ఆ బొద్దు బొమ్మచేపలకి కొక్కేలు మార్చడంలో మీరు చెయ్యి తిరిగినవారు. తగిన సలహా ఇవ్వగలరు.

ఇట్లు,
చలికి (ఎక్కువగా చలికే) వణుకుతున్న
షిజుయా

తా.క.: ఇదేదీ మిసావోకి తెలియదు. ఫోన్ ఆమె కుట్టుమిషన్ పక్కనే ఉంది. పైగా మీరు ఫోన్లో మాట్లాడితే మా పక్కింటివాళ్ళు కూడా జవాబు చెబుతున్నారు. దయచేసి ఉత్తరమే రాయండి.


బావకి తొకుజి ఆశీస్సులు.

మంచు సంగతి అడిగావు. ఉంది. ఇక అసలు విషయానికొస్తాను.

నీ ఉత్తరం చదివి నా కళ్ళు చెమర్చాయి బావా. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయింది. ఎప్పుడొచ్చినా ఓ మూల కూచుని టీ తాగి, 'మీకు శ్రమ ఇచ్చాను' అని వెళ్ళిపోయే నీలో ఇంత గాలం పిచ్చి దాగుందని నాకు తెలియకపోయింది. మా చెల్లెలు నిన్ను ఊరికే చేసుకోలేదు.

అబషిరి. ఆ పేరు వింటేనే నాకు చేతులు జివ్వుమంటాయి. అడుగడుక్కీ ఏరు, ఏరు నిండా మోచేయంత ట్రౌట్లు, చూద్దామంటే అవతలి ఒడ్డున మనిషుండడు. మీ డైరెక్టరు మహానుభావుడయ్యా. గాలం వెయ్యడం వచ్చినవాణ్ణి ఏరి మరీ స్వర్గానికి పంపుతున్నాడు. అదీ భార్య లేకుండా. (ఈ మాట చెల్లాయికి చూపించకు.) నీకూ వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది, బయటికి చెప్పడానికి సిగ్గు. 'చేపలు ఎక్కువ పడితే ఇబ్బంది'ట. 'చలికి అలవాటు పడలేదు'ట. విస్తరి ముందు కూచున్నవాడు 'చాలు చాలు' అంటే వడ్డించేవాడికి తెలియదా, ఇంకో గరిటె వెయ్యమని అర్థం.

ఆరు క్రాంకులు పంపుతున్నాను. పుట్టుకతో వీటికి పొట్ట కింద ఒకటి, తోకకి ఒకటి మూడు కొమ్ముల కొక్కేలుండేవి. రెండూ పీకేసి ఒంటి కొక్కేలు తగిలించాను. అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. మూడు కొమ్ములున్నదాని చోట అదే సైజు ఒంటిది పెడతారు. బరువు తగ్గి బొమ్మచేప పక్కకి దొర్లుతుంది, తాగి ఇంటికెళ్ళేవాడిలా. ఒక సైజు పెద్దది పెట్టాలి. పొట్ట కింది మొన ముందుకి చూడాలి, తోక మొన పైకి చూడాలి. ఎదురుముల్లు లేదు కాబట్టి చేప తగిలాక దారం ఒక్క క్షణం వదులు చెయ్యకు. మొనలు నేనే సానపట్టాను. గోటి మీద ఆనిస్తే జారకూడదు, అదీ లెక్క.

గెలిచి రా.

నీ బావ,
తొకుజి

తా.క.: ఈ ఆరూ నాకు కన్నబిడ్డలతో సమానం. ఇంకా చెప్పాలంటే కన్నబిడ్డలు ఎప్పుడో గాని ఉత్తరం రాయరు, వీటితో ఆ బాధ లేదు.


పూజ్యులైన బావగారికి, షిజుయా నమస్కారాలు.

మా వీధి చివర ప్లమ్ చెట్టు మొగ్గ తొడిగింది. మామూలుగా అది చూస్తే నాకు హాయిగా ఉండేది. ఈసారి, మార్చి దగ్గరపడిందని గుర్తొచ్చి మొహం తిప్పుకుని వెళ్ళిపోయాను.

మీ ఆరు బిడ్డలూ క్షేమంగా చేరారు. మీ ఆదరణకి ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియదు. అయితే నా ఉత్తరంలో నేనేదో సరిగ్గా రాయలేకపోయానని అనుమానంగా ఉంది. తప్పు పూర్తిగా నాదే.

లైబ్రరీకని చెప్పి ఆదివారం ఒక్కణ్ణే ఆ చెరువుకి వెళ్ళి చూశాను. మొదటి విసురుకే చేప. రెండోదానికీ చేప. చేతులు వణుకుతున్నాయి కదా, ఆ వణుకుకి బొమ్మచేప ఇంకా ముచ్చటగా ఆడుతోందని పక్కనున్న ఆయన అన్నాడు. "ఏ ఊరండీ గురువుగారూ మీది" అని కూడా అడిగాడు. పద్నాలుగు పడ్డాయి. మధ్యలో ఆపేద్దామని గాలం పైకి తీస్తుంటే, పైకొస్తున్నదాన్ని కూడా ఒకటి వెంటబడి పట్టుకుంది. అన్నిటికీ క్షమాపణ చెప్పి నీళ్ళలో వదిలేశాను.

ఇంత పదునైన పనితనానికి నేను తగను. ఇంకొంచెం తక్కువ పట్టేవి, వీలైతే బాగా తక్కువ పట్టేవి ఏమైనా ఉంటే చూడగలరు. చేపలు పడకపోతే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఈ వాక్యం ఉన్నదున్నట్టుగా చదవమని ప్రార్థన.

ఇట్లు,
మీకు శ్రమ ఇస్తున్న
షిజుయా

తా.క.: మిసావో నా కోటు వాసన చూసి, "లైబ్రరీలో చేపల కంపేమిటి?" అంది. చేపల గురించిన పుస్తకం చదివానన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూసి, "మీకు ఒంట్లో బాగుంటోందా?" అంది. బాగుందన్నాను. ఆ రాత్రి నాకు మెత్తగా గంజి కాచి పెట్టింది.


బావకి తొకుజి ఆశీస్సులు.

మంచు కరుగుతోంది. బురద.

పద్నాలుగా. ఇంకా అలా బిగదీసుకుని రాస్తావేమయ్యా. 'చేపలు పడకపోతే బాగుండు' అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు పులకరించింది. నలభై ఏళ్ళుగా మా గాలం వాళ్ళమంతా పాటించే మర్యాద అది. నీళ్ళ దగ్గరికి బయల్దేరేవాడు 'పడతాయి' అని ఛస్తే అనడు. 'ఇవాళ ఒక్కటీ తగలదులే' అనుకుంటూ వెళ్తాడు. లేకపోతే నీళ్ళు కోపగించుకుంటాయి. ఎవరూ చెప్పకుండానే నీకది వచ్చేసింది. పుట్టుకతో రావాలి ఇలాంటివి.

చెరువు చేపలకి ఒకే ఆట రెండు వారాలు చూపిస్తే విసుగొస్తుంది. అందుకని ఇంకో నాలుగు పంపుతున్నాను. వీటికి తోక కొక్కెం తీసేసి పొట్ట కింద ఒక్కటే ఉంచాను, కొంచెం సన్నపు తీగది. ఆట నెమ్మదిగా, వెడల్పుగా ఉంటుంది. పెద్ద చేపలు దీనికి ఆగలేవు. మీ డైరెక్టరు నోరు వెళ్ళబెట్టాలి.

గెలుపు నీదే,
తొకుజి

తా.క.: అబషిరిలో నాకు సైన్యంలో తెలిసిన మనిషొకడున్నాడు. పెరట్లోంచి ఏట్లోకి గాలం వేసుకునే ఇల్లొకటి చూసి పెట్టమని రాసేశాను. ఒక్కడికే అని రాశాను. నాకూ ఓ పక్క వెయ్యడానికి చోటుండాలని మాత్రం అన్నాను.


బావగారికి, షిజుయా.

ఈసారి రుతువు గురించి రాయలేకపోతున్నాను. క్షమించండి. నా జీవితంలో రుతువు లేకుండా రాస్తున్న మొదటి ఉత్తరం ఇది.

మీరు పంపిన నాలుగింటినీ పెట్టెలోంచి తీయలేదు. భయం. నేనే సొంతంగా ఓ పని చేశాను. మొదట పంపిన ఆరింట్లో ఒకటి తీసి, కావాలని దానికి తగని బరువైన కొక్కేలు రెండు తగిలించాను. మీరు రాసినదానికి తలకిందులుగా చేస్తే ఆట చచ్చిపోతుంది, చేపలు మొహం తిప్పుకుంటాయి అనుకున్నాను. శనివారం వెళ్ళి వేశాను. ఆట చచ్చిపోయిన మాట నిజమే. బరువుకి అది నెమ్మదిగా అడుగుకి దిగిపోయి, బద్ధకంగా కదిలింది. చలికాలం పెద్ద చేపలన్నీ అడుగునే బద్ధకంగా పడుకుని ఉంటాయట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆ చేపని ఎత్తడానికి ఇద్దరు సాయం పట్టారు. చెరువు యజమానురాలు పరుగెత్తుకొచ్చి ఫోటో తీసింది. పట్టుకున్నవాడు నవ్వాలి అంటే నవ్వాను. ఆ ఫోటో చెరువు ఆఫీసు గది గోడకి తగిలించింది, కింద నా పేరు, మా కంపెనీ పేరు కూడా రాసి. డైరెక్టరు గారు వచ్చేది ఆ చెరువుకే. నేను నడుం వంచి, "అది తీసేస్తే మేలు చేసినవారవుతారు, నాకంత యోగ్యత లేదు" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "అందుకే మిమ్మల్ని అందరూ చూడాలండీ" అంది. నిన్న పనున్నట్టు అటు వెళ్ళి చూశాను. తలుపంత పెద్దది చేయించి గేటుకి కట్టింది.

బావగారూ, ఇక మర్యాద పక్కన పెట్టి రాస్తున్నాను. నాకు గెలవాలని లేదు. ఇది గాలంవాళ్ళ మర్యాద కాదు, సిగ్గు కాదు, ఇంకో గరిటె వెయ్యమని కాదు. నాకు అబషిరి వద్దు. ఆ ఇల్లు వద్దని మీ స్నేహితుడికి వెంటనే రాయండి. మిసావో లేకుండా మూడేళ్ళు నేను ఉండలేను. వంట రాదనో, బట్టలు ఉతుక్కోవడం రాదనో కాదు, అవీ రావనుకోండి. సాయంత్రం తలుపు తీసి 'వచ్చాను' అంటే లోపలినుంచి ఎవరూ పలకని ఇల్లు తలుచుకుంటేనే నాకు గుండె జారిపోతోంది. ఆమెకి ఇక్కడ కుట్టు నేర్చుకునే పిల్లలున్నారు, పాటల బృందం ఉంది, నలభై ఏళ్ళ స్నేహితురాళ్ళున్నారు. వాళ్ళందర్నీ వదులుకుని నాతో రమ్మనడానికి నాకు నోరెలా వస్తుంది. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, ఈ మాట భార్యకి చెప్పలేక బావకి రాసుకుంటున్నాను.

దయచేసి ఒక్క చేప కూడా పట్టని కొక్కెం ఎలా చెయ్యాలో చెప్పండి. చూడ్డానికి మాత్రం పట్టేదానిలా ఉండాలి.

షిజుయా

తా.క.: ఇరవై ఏళ్ళలో రాయనన్ని ఉత్తరాలు అన్నయ్య ఇప్పుడెందుకు రాస్తున్నాడని మిసావో అడిగింది. నూడుల్స్ గురించి అన్నాను. ఏం నూడుల్స్ అంది. సన్నవి అన్నాను. ఇంకేమీ తోచలేదు.


బావా షిజుయా,

నీ ఉత్తరం చదివాక ఇంకో మాటు చదివాను. ఆ తర్వాత బయటికి వెళ్ళి కరగకుండా మిగిలిన మంచుని ఊరికే ఎత్తిపోశాను.

ముందే ఇలా ఏడవచ్చు కదయ్యా. నువ్వు వద్దంటే కావాలని, ఇబ్బందంటే ఇష్టమని అర్థం చేసుకుని చచ్చాను. నీ మాటల్లో ఏది పైపూతో ఏది లోపలిదో దేవుడికి కూడా అంతుబట్టదు. సరే, నాదీ తప్పే. నాకు అబషిరి ఇష్టం కాబట్టి అందరికీ ఇష్టమే అనుకున్నాను. మా చెల్లెల్ని నువ్వింత తలుచుకుంటావని నాకు ఒక్కనాడూ తెలియలేదు. ఆమెకైనా తెలుసో లేదో.

ఇప్పుడు శ్రద్ధగా విను. సన్న ఆకురాయి తీసుకో. కొక్కేన్ని పట్టకారుతో గట్టిగా పట్టి, మొనని బియ్యపుగింజ చివరలా గుండ్రంగా అరగదియ్యి. కొక్కెం వంపుని చెడగొట్టకు, దూరం నుంచి చూస్తే వంపే కనబడేది. అరగదీసిన చోట తెల్లగా మెరుస్తుంది, దానికి నల్లసిరా రాసి ఆరబెట్టు. బరువు మారదు కాబట్టి ఆట అలాగే ఉంటుంది. చేపలు వస్తాయి, నోట పట్టుకుంటాయి, గాలపు బెత్తం వంగుతుంది, జారిపోతాయి. నువ్వు 'అయ్యో' అనాలి. అంతే. మీ డైరెక్టరుకి నువ్వు కష్టపడుతున్నట్టే ఉంటుంది.

లూరు, అదే ఆ బొమ్మచేప, ఎవరి చేతికీ ఇవ్వకు. ఎవరైనా చెయ్యి చాపితే దారం చిక్కుపడిందని చెప్పు. ఇది ముఖ్యం.

ధైర్యంగా ఉండు,
తొకుజి

తా.క.: నేనూ ఒకటి అరగదీసి చూశాను, ఎలా ఉంటుందోనని. నలభై ఏళ్ళు సానపట్టిన చేత్తో మొన తీసేస్తుంటే, నిద్రపోతున్న మనవడి మొహాన సిరాతో మీసాలు గీస్తున్నప్పుడు కూడా అంత పాపం చేసినట్టు అనిపించలేదు. నీ కోసమే చేశాను.


పూజ్యులైన బావగారికి, షిజుయా నమస్కరించి రాయునది.

ప్లమ్ పూలు రాలిపోయాయి. చెర్రీ ఇంకా పూయలేదు. మధ్యలో ఉన్నాం.

ఆదివారం జరిగినదంతా వరుసగా రాస్తాను. ఎక్కడ తప్పు జరిగిందో మీరే చెప్పండి.

ఉదయం చెరువు గేటు దగ్గరే డైరెక్టరు గారు ఆగిపోయారు. తలుపంత ఫోటోలో నేను నవ్వుతున్నాను. ఆయన ఫోటోని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ ఫోటోని చూశారు. "ఉదగావా" అని నా ఇంటిపేరుతో పిలిచి, "ఇది నువ్వేనా?" అన్నారు. పొరపాటున జరిగిందన్నాను.

పక్కపక్కన నిలబడి వేశాం. మీరు చెప్పిన కొక్కెం అద్భుతం. మీరన్నట్టే చేపలు వచ్చాయి, బెత్తం వంగింది, జారిపోయాయి. నేను 'అయ్యో' అన్నాను. మధ్యాహ్నానికి డైరెక్టరు గారికి నాలుగు పడ్డాయి, నాకు సున్నా. జనవరి నుంచి మొదటిసారి నాకు ఆకలేసింది. మిసావో కట్టిచ్చిన అన్నం ముద్దలు ఒడ్డున కూచుని తింటుంటే ఎంత రుచిగా ఉన్నాయో. ఇంకో రెండు గంటలు గడిపేస్తే చాలు, ఇంటికెళ్ళిపోవచ్చు అనుకున్నాను.

అప్పుడు డైరెక్టరు గారు చెయ్యి చాపారు. "నీ లూరు ఒకసారి చూస్తాను" అన్నారు.

దారం చిక్కుపడిందన్నాను. "చిక్కు నేను తీస్తానులే" అన్నారు. డైరెక్టరు గారు చిక్కు తీస్తానంటే వద్దనడం మా కంపెనీ చరిత్రలో లేదు. ఇచ్చాను. కళ్ళద్దాలు పైకెత్తి, కొక్కేన్ని గోటి మీద ఆనించి చూశారు. జారింది. మళ్ళీ ఆనించారు, మళ్ళీ జారింది. సిరా ఆయన గోటికి అంటింది.

"ఇది నువ్వే అరగదీశావా?"

"అవునండీ."

"ఎందుకు?"

బావగారూ, ఆ క్షణంలో నిజం చెప్పొచ్చు. మిమ్మల్ని గెలిపించడానికండీ అనొచ్చు. ఎదురుగా ఉన్న పెద్దమనిషిని అలా అవమానిస్తామా. ఏదో ఒక మంచి మాట అనాలి కదా అని నోరు తెరిచాను. "చేపలకి నొప్పి పుడుతుందేమోనండీ" అని వచ్చింది.

ఆయన టోపీ తీశారు. నీళ్ళ వైపు తిరిగారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "గేటు దగ్గరున్న చేపని పట్టగలిగినవాడివి. అయినా మొన తీసేసుకుని వచ్చి, ఊరికే వాటితో ఆడుకుని వెళ్తున్నావు. ముప్ఫై ఏళ్ళుగా చేపల మేత అమ్ముతున్నాం, చేప గురించి ఆలోచించినవాణ్ణి ఇవాళ చూశాను."

నేను తల వంచుకుని కూచున్నాను. దాన్ని కూడా వినయమనే అనుకున్నారు.

అప్పుడు జేబులోంచి మడత పెట్టిన బదిలీల జాబితా కాగితం తీశారు. "అసలు నిన్ను పిలిచింది ఒక మాట చెప్పడానికి. ఈ ఏడు అబషిరికి వేరే అతన్ని ఖాయం చేశాం. నువ్వు ఇక్కడే ఉంటావు, నిశ్చింతగా ఉండమని చెబుదామనుకున్నాను. కొన్నాళ్ళుగా ఆఫీసులో నీ మొహం చూస్తుంటే దేనికో దిగులుపడుతున్నట్టున్నావు." ఆ కాగితాన్ని చింపి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "ఇప్పుడు నిన్నిలా చూశాక కూడా అక్కడి లక్షల పిల్లచేపల్ని ఇంకొకరి చేతిలో పెడితే నాకు పాపం చుట్టుకుంటుంది. ఏప్రిల్ నుంచి అబషిరి నీదే."

తెగించి, తమియా గారు, ఇయిదాకా గారు చేపలు బాగా పట్టారు కదండీ, అందుకని వాళ్ళని పంపారని ఆఫీసులో అనుకుంటున్నారు అని అడిగాను. ఆయన వింతగా చూశారు. "తమియా తనే అడిగి వెళ్ళాడు. ఇయిదాకా అత్తవారిది ఆ ఊరే. చేపలకీ బదిలీలకీ సంబంధమేమిటయ్యా?"

నేనేమన్నానో తెలుసా. "నా అదృష్టమండీ" అన్నాను. నోటికి అదే అలవాటు.

ఇంటికొచ్చి తలుపు తీసి 'వచ్చాను' అన్నాను. 'రండి' అని లోపలినుంచి మిసావో పలికింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూలబడి అంతా చెప్పేశాను. కొక్కేలు, పద్నాలుగు చేపలు, ఫోటో, లైబ్రరీ, సన్న నూడుల్స్, అన్నీ.

ఆమె నా పక్కనే గుమ్మంలో కూచుంది. తర్వాత, "నేను మీకు కడుపులో పుండు అనుకున్నాను" అంది. "చనిపోతారేమో, అందుకే అన్నయ్యకి అన్నీ రాసి పెట్టుకుంటున్నారేమో అనుకున్నాను. మీరు ఆఫీసుకెళ్ళాక రోజూ ఏడ్చాను." అప్పుడు నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నీ కుట్టుపిల్లలు, నీ పాటలు, నీ స్నేహితురాళ్ళు, వీళ్ళని వదిలి రమ్మని నేనెలా అడగను అన్నాను.

"అడగడం మీ పని. వద్దనడం నా పని. నా పని కూడా మీరే చేసేస్తే ఎలాగండీ?" అంది.

అడిగాను. పెళ్ళయ్యాక ఆమెని ఏదైనా సూటిగా అడగడం అదే మొదటిసారనుకుంటాను. వస్తానంది. అంత చలి ఊరికి నన్నొక్కణ్ణే పంపేంత పిచ్చిది కాదట. పాటలు అబషిరిలోనూ పాడతారు, అక్కడివాళ్ళకీ బట్టలు చిరుగుతాయి అంది. భార్యతో వస్తున్నానంటే ఆఫీసులో ఏమంటారో అని నాకు భయం పట్టుకుంది. మర్నాడు భయపడుతూనే వెళ్ళి చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. అబషిరిలో చలిమంట దగ్గర ఇద్దరుంటే మేలే అన్నాడొకడు.

నిన్న కుట్టుమిషన్‌కి గుడ్డ చుట్టి తాడు కట్టాం. ఆమె ఓ కొస లాగుతుంటే నేను ముడి వేశాను. నాకు ఏడుపొచ్చింది బావగారూ. సంతోషంతోనే. మీ స్నేహితుడు చూసిన ఇల్లు ఇంకా ఖాళీగా ఉందేమో కనుక్కోగలరు. ఒక్కడికి కాదు, ఇద్దరికి అని రాయండి. మీరొస్తే ముగ్గురికి.

ఇట్లు,
ఇంకా కొంచెం దిగులుగానే ఉన్న
షిజుయా

తా.క.: డైరెక్టరు గారు నా సంగతి కంపెనీ పత్రికలో అచ్చు వేయించారు. నిన్నటి వీడ్కోలు విందులో అందరికీ ఉప్పు రాసి కాల్చిన ట్రౌట్ వడ్డించి, నా ముందు మాత్రం గౌరవంగా ఉడికించిన సోయా టోఫు పెట్టారు. నా జన్మలో ట్రౌట్ కోసం ప్రాణం అంతగా ఎప్పుడూ కొట్టుకోలేదు. ఇకపై నలుగురిలో చేప ముక్క ముట్టుకునే యోగం నాకు లేదు. ఈ మాట విని మిసావో, మీకు ఓ పని చెప్పమంది. మంచి పదునున్న కొక్కేలు ఆమె పేరు మీద పంపాలట. పెరట్లో తను పడుతుందట, తలుపులేసుకుని నేను తినాలట.